యంత్రానికో దుబాసీ

పూర్వం దొరల కొలువులో దుబాసీ అని ఒకడుండేవాడు. దొరకి తెలుగు రాదు, రైతుకి ఇంగ్లీషు రాదు. మధ్యన ఈయన లేకపోతే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చోవలసిందే. కంప్యూటర్లో డ్రైవరనేది సరిగ్గా ఇల్లాంటిదే. పేరు చూసి కారు తోలేవాడనుకునేరు! లోపలున్న వైఫై చిప్పుకి దాని భాష దానిది, ఆపరేటింగ్ సిస్టమ్‌కి దీని భాష దీనిది. రెండింటి మధ్యా మాట మార్చే ప్రోగ్రామే డ్రైవరు.

నా పాత లాప్‌టాప్‌లోకి 2019లో డెబియన్ లినక్స్ ఎక్కించాను. ఎంచేతంటారా, దాంతో వచ్చిన సిస్టమ్ బరువెక్కి, మీట నొక్కి కాఫీ తాగి వచ్చినా కళ్ళు తెరిచేది కాదు. కొత్తది కొనమన్నారు అందరూ, మా ఇంటావిడతో సహా. యంత్రం శుభ్రంగా ఉండగా పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. లినక్స్ అంటే 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలెడితే పదిమందీ తలో చెయ్యీ వేసి పెంచిన సరుకు. డబ్బివ్వనక్కర్లేదు. లోపల ఏముందో ఎవరైనా చదువుకోవచ్చు.

ఎక్కించడం ఎంతోసేపు పట్టలేదు. తెర వెలిగింది, పాట పలికింది. కెమెరా అయితే అడక్కుండానే నా మొహం నాకు చూపించింది. యూఎస్‌బీ కెమెరాలకి అందరూ కలిసి ఒకే భాష ఖాయం చేసుకున్నారు గనక, ఒక్క దుబాసీతో వందల రకాల కెమెరాలకి జరిగిపోతోంది. వైఫై దగ్గరికొచ్చేసరికి మటుకు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నల్లతెర మీద ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ ఇస్తే లోపలి చిప్పుల జాబితా బయటపడుతుంది. తగినట్టు అడిగితే ఒక్కొక్కదానికీ రెండు ముక్కల నంబరు చూపిస్తుంది. మొదటి నాలుగక్షరాలూ ఇంటిపేరు, తరవాతి నాలుగూ సొంతపేరు. అట్టపెట్టె మీది పేరుని నమ్మకండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల చిప్పులు పెట్టి అమ్మడం కద్దు. డీమెసేజ్ అనే ఇంకో ఆజ్ఞతో, యంత్రం నిద్రలేచింది మొదలు రాసుకున్న దినచర్య చదివాను. డ్రైవరు వచ్చిందట గాని, ఫర్మ్‌వేరు అనే ఫైలు దొరకలేదట. ఫైలు పేరుతో సహా రాసి ఉంది.

ఈ ఫర్మ్‌వేరు సంగతి చిత్రమైనది. చాలా చిప్పులకి జ్ఞాపకం నిలవదు. కరెంటు తీస్తే సర్వం మరిచిపోతాయి. లేచినప్పుడల్లా డ్రైవరు వచ్చి మొదటినుంచీ పాఠం చెప్పాలి. ఆ పాఠం కంపెనీవాళ్ళ సొత్తు. పంచుకోనిస్తారు గాని, దాని మూలం చదవనివ్వరు. డెబియన్ వారా, పట్టింపు మనుషులు. చదవడానికి వీల్లేనిదాన్ని నట్టింట్లో పెట్టమని వసారాలో విడిగా ఉంచారు. కావలసినవాళ్ళు ఇంటర్నెట్లోంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్ రావాలంటే వైఫై పలకాలి! పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు.

చివరికి ఫోనుని కేబులుతో తగిలించి, దాని ఇంటర్నెట్‌ని లాప్‌టాప్‌లోకి మళ్ళించాను. ఆ దారిన ఫర్మ్‌వేరు తెచ్చి, యంత్రాన్ని ఆపి మళ్ళీ లేపితే, చుట్టుపక్కల ఇళ్ళ వైఫై పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. తరవాత డెబియన్ వారు 2022లో ఓట్లు వేసుకుని పట్టు సడలించారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ డెబియన్ నుంచీ ఇల్లాంటి ఫైళ్ళు ముందే జతపడి వస్తున్నాయి.

నాకు దుబాసీ సిద్ధంగానే ఉన్నాడు, పాఠమే కరువైంది. బ్రాడ్‌కామ్ వారి వైఫై చిప్పులకి ఒకప్పుడు దుబాసీయే లేడు. చిప్పు వివరాలు వారు బయటపెట్టలేదు. అప్పుడు కొందరు ఔత్సాహికులు రెండు జట్లయ్యారు. ఒక జట్టు కంపెనీ డ్రైవరుని విప్పి, చిప్పుతో అది ఏమేం మాట్లాడుతోందో మామూలు మాటల్లో రాసిపెట్టింది. రెండో జట్టు ఆ డ్రైవరుని కన్నెత్తయినా చూడకుండా, ఈ రాతని బట్టి సొంతంగా కొత్తది రాసింది. కాపీ కొట్టారని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు గదా! అది 2005 చివర బయటికొచ్చి, 2006లో లినక్స్‌లో చేరిపోయింది. 2010లో ఆ కంపెనీయే తన కొన్ని కొత్త చిప్పులకి డ్రైవరు బాహాటంగా ఇచ్చింది.

అంతకుముందే 2007లో గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ అనే లినక్స్ పెద్ద, యంత్రం వివరాలిస్తే చాలు, డ్రైవరు ఊరికే రాసిపెడతామని కంపెనీలన్నింటికీ చాటింపు వేశాడు. రహస్యం కాపాడతామని కాయితం రాసివ్వడానికి కూడా సిద్ధమే అన్నాడు.

పోటీవాళ్ళు చూస్తారని, పేటెంట్లని, రేడియో తరంగాల చట్టాలని కంపెనీలు చెప్పే కారణాలున్నాయి. కొన్ని సబబే కావచ్చు. కాని నేను రొక్కమిచ్చి కొన్న వస్తువు భాష నాకే చెప్పకపోవడమంటే, ఇల్లమ్మి తాళంచెవి జేబులో వేసుకుపోయినట్టే ఉంటుంది నాకు.

లాప్‌టాప్ ఇప్పటికీ నడుస్తోంది. వేలిముద్ర చూసే గడి మటుకు పలకదు. లిబ్‌ఎఫ్‌ప్రింట్ అని వేలిముద్రల పని చూసే లినక్స్ వారున్నారు. నా గడి నంబరు వాళ్ళ దగ్గర ఇంకా దుబాసీ దొరకని వాటి వరసలో ఉంది. నెలకోసారి వెళ్ళి చూసొస్తూంటాను. మొన్న కూడా అక్కడే ఉంది.