సుడికి దర్జీ కొలతలు

కొళాయి కాస్త తిప్పితే నీటిధార గాజుకడ్డీలా నిలుస్తుంది. ఇంకాస్త తిప్పితే చెదిరి మెలికలు పోతుంది. ఆ అల్లరి పేరే టర్బులెన్స్. ప్రవాహాల కదలికను వర్ణించే నేవియర్-స్టోక్స్ సమీకరణాల్లో అదంతా ఉంది. కానీ ప్రతి చిన్న సుడినీ లెక్కగట్టాలంటే ఇంజనీరుకు ఆయుష్షు చాలదు.

లండన్ ఇంపీరియల్ కాలేజీలో బ్రయన్ స్పాల్డింగ్ బృందం దగ్గరిదారి వెతికింది. సుళ్లను ఒక్కొక్కటిగా పట్టుకోవడం మానేసి, వాటిలో సగటున ఎంత శక్తి ఉంది, అది ఎంత వేగంగా వేడిగా కరిగిపోతోంది అని మాత్రమే అడిగింది. అదే కె-ఎప్సిలాన్ నమూనా. బ్రయన్ లాండర్‌తో కలిసి స్పాల్డింగ్ 1974లో వెలువరించిన వ్యాసంలో దానికి ఐదు స్థిరాంకాలు: 0.09, 1.44, 1.92, 1.0, 1.3. ఇవి ప్రకృతి చెక్కినవేం కావు, ప్రయోగాలకు అతికేలా సర్దినవి. దర్జీ కొలతలన్నమాట! అందుకే అందరి ఒంటికీ పట్టవు. గుండ్రని రంధ్రంలోంచి దూకే ధార నిజానికి విచ్చుకునేదానికన్నా ఎక్కువే విచ్చుకుంటుందని ఈ నమూనా చెబుతుంది. రెక్క మీంచి గాలి విడిపోయే చోటా తడబడుతుంది.

అయినా పరిశ్రమ దాన్ని వదల్లేదు. 1981లో స్పాల్డింగ్ సంస్థ ప్రవాహాలను లెక్కగట్టే ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్లోకి తెచ్చింది.

స్పాల్డింగ్ 2016లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈనాటికీ అలాంటి సాఫ్ట్‌వేర్‌లో విద్యార్థి కె-ఎప్సిలాన్ ఎంచుకోగానే తెరమీద ఆ 0.09 ముందే నిండి ఉంటుంది.