మూలనున్న నేల

తెలుగువారికి గణితం కొత్త విద్య కాదు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెనిగించాడు. ఆ మూలగ్రంథంలో క్షేత్రగణితానికి ప్రత్యేక ప్రకరణమే ఉంది. పొలం కొలత తప్పితే రైతు బ్రతుకు తప్పుతుంది. ఆ విద్య విలువ అక్కడే ఉంది.

దీర్ఘచతురస్రపు వైశాల్యం పొడవు వెడల్పుల లబ్ధమని బాలురకు సైతం తెలుసు. అయితే ఆ రెండూ మారుతున్నప్పుడు వైశాల్యం ఎట్లా మారుతుంది? ఈ ప్రశ్నకు కడప జిల్లాలో పెన్నానదియే ఉదాహరణ.

జమ్మలమడుగు సమీపాన గండికోట వద్ద పెన్న ఎర్రమల కొండలను చీల్చుకొని నిటారు రాతిగోడల నడుమ ప్రవహిస్తుంది. అక్కడ నీరు ఎంత పెరిగినా వెడల్పు అంతగా పెరగదు. ఆ లోయకు ఎగువన కొండాపురం ప్రాంతంలో నేల విశాలం. అక్కడ మట్టం పెరిగిన కొలదీ నీరు పొడవునా, అడ్డంగా కూడ విస్తరిస్తుంది.

జలాశయం ఆకారం నిజానికి వంకరటింకర. తేలికగా బోధపడడానికి దానిని దీర్ఘచతురస్రమని భావిద్దాం. మట్టం x మీటర్లు పెరిగినప్పుడు పొడవు 400 + 30x మీటర్లు, వెడల్పు 200 + 20x మీటర్లు అనుకొందాం. ఇవి రెండు ప్రమేయాలు. వీటిని గుణిస్తే వైశాల్యం 80,000 + 14,000x + 600x² చదరపు మీటర్లు అవుతుంది.

వెడల్పు మారని లోయలోనైతే ప్రతి మీటరుకూ 6,000 చదరపు మీటర్లే మునుగుతాయి. మైదానంలో మొదటి మీటరు 14,600 చదరపు మీటర్లను ముంచితే, పదవ మీటరు 25,400 చదరపు మీటర్లను ముంచుతుంది. పది మీటర్లు పెరిగేసరికి పొడవు 1.75 రెట్లు, వెడల్పు 2 రెట్లు అయితే, వైశాల్యం వాటి లబ్ధమైన 3.5 రెట్లవుతుంది.

ఈ వ్యత్యాసానికి కారణం 600x² అనే పదం. పొడవు పెరుగుదలను, వెడల్పు పెరుగుదలను వేరువేరుగా లెక్కించి కూడితే మూలనున్న ముక్క లెక్కకు రాదు. పది మీటర్లకు ఆ ముక్క 60,000 చదరపు మీటర్లు, అనగా దాదాపు 15 ఎకరాలు. కాగితంపై అదొక చిన్న పదం. నేలపై అది కొన్ని కుటుంబాల జీవనాధారం.

గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. 2020లో అందులో నిల్వను పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాసులు ఊరు విడువవలసి వచ్చింది. అదే జలాశయం నుండి ఎత్తిపోతల ద్వారా చిత్రావతి జలాశయానికి చేరే నీరు పులివెందుల ప్రాంతపు చీనీ తోటలకు ప్రాణాధారమవుతున్నది. దిగువన ప్రొద్దుటూరు అదే పెన్న ఒడ్డున వెలసిన పట్టణం. ఒక ఊరి దాహం తీర్చే నీరు మరొక ఊరి గడపను ముంచింది.

కరవు సీమకు జలాశయాలు అవసరమే. వాటి కోసం నేలను అర్పించిన వారికి న్యాయం జరగడమూ అంతే అవసరం. ఆ న్యాయానికి తొలిమెట్టు సరియైన కొలత. గుణకారంలో ఏ పదమూ విడువరానిది. పరిహారపు లెక్కలో ఏ మూలనున్న నేలయూ మరువరానిది.