టేకు చేప, బోదురు కప్ప



మా హాస్టల్‌లో జువాలజీ వాళ్లం నలుగురం ఉన్నాం. వర్గీకరణ పాఠం బట్టీ కొడితే నిలవట్లేదని, మాకు తెలిసిన రెండు జీవుల్ని పక్కపక్కన పెట్టి చూశాం. ఒకటి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చూసిన టేకు చేప. చాటంత వెడల్పు, కొరడా లాంటి తోక. రెండోది మన ఊళ్లలో అందరికీ తెలిసిన బోదురు కప్ప.

రెండింటికీ వెన్నెముక ఉంది, అక్కడితో సరి. టేకు చేపది సొర చేపల గుంపు. ఒంట్లో గట్టి ఎముక లేదు, అంతా మృదులాస్థి, అంటే మన చెవి డొప్పలో ఉండే మెత్తటిది. కప్పకు మనలాగే ఎముకలు. రాగండి చేపకీ ఎముకలే. అందుకని రాగండికి టేకు చేప కంటే కప్పే దగ్గరి చుట్టం! మాలో ఒకడు మేడమ్‌ని అడిగొచ్చాకే నమ్మాడు.

టేకు చేప తీరం దగ్గర ఇసుక, బురద కప్పుకుని అడుగున పడుకుంటుంది. నోరు కిందికి ఉంటుంది కాబట్టి కళ్ల వెనక రంధ్రాలతో నీళ్లు పీలుస్తుంది. బోదురు కప్ప ఎండలకు మట్టిలో దాక్కుని తొలకరికి బయటికొస్తుంది. అప్పుడు చూడాలి మగకప్పని, ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు, గొంతు కింద రెండు నీలం తిత్తులు.

ఐయూసీఎన్ జాబితాలో తెల్ల చుక్కల టేకు చేప ఆపదలో ఉన్న జాతి. బోదురు కప్పకి మాత్రం 'లీస్ట్ కన్సర్న్', అంటే ఇప్పటికి బెంగ లేదని. కప్ప వేలల్లో గుడ్లు పెడుతుంది. టేకు చేప కడుపులోనే పెంచి కొద్ది పిల్లల్నే కంటుంది, వలకు పడినంత వేగంగా పెరగలేదు.

కానీ ఆ బెంగ లేదన్న మాట మన గుంటని చూసి రాసింది కాదు. కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుంది, కొంత ఊపిరీ చర్మంతోనే. పత్తికి కొట్టిన మందు గుంటలోకి దిగితే నేరుగా దాని ఒంట్లోకే. మాలో ఒకరి ఊళ్లో తొలకరి రాత్రి నిద్ర పట్టనిచ్చేవి కావంట, పోయిన ఏడు రెండు మూడు గొంతులే వినబడ్డాయి. 2023లో వచ్చిన లెక్కలో ప్రపంచంలోని ఉభయచరాల్లో సుమారు 41 శాతం ముప్పులో ఉన్నాయి.

కప్పలు తినేవాళ్లని మనల్ని వెక్కిరించేవాళ్లున్నారు. 1987లో కేంద్రం ఆపేదాకా కప్ప కాళ్లు విదేశాలకు ఓడల్లో పోయాయి. అవి మన కుండల్లోంచి పోయినవి కావు.

సెలవులకు ఊరెళ్తే వాన రాత్రి గుంట గట్టున కూర్చుని ఎన్ని రకాల గొంతులున్నాయో వినండి. కోయలో, కువిలో, సవరలో మీ పెద్దలు వాటిని ఏమంటారో అడిగి రాయండి. మేము ఒక పుస్తకం పెట్టాం, అందులో ఎక్కిస్తాం.