పొయ్యిగూటి చెక్క పాడింది!

లండన్ వెళ్లినవాళ్లు ఏం చూస్తారు? బకింగ్‌హామ్ ప్యాలెస్, టవర్ బ్రిడ్జి, మైనపు బొమ్మలు... మేమూ అవన్నీ చూశాం. కానీ ఈసారి మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నా మనసులో ఉండిపోయిన ఊరు మాత్రం వేరే. దాని పేరు ఫెల్తమ్. వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే అరగంట ప్రయాణం. హీత్రూ విమానాశ్రయానికి కూతవేటు దూరం.

మావాళ్లుండేది ఆ పక్కనే, హౌన్‌స్లోలో. ‘అక్కడేముంది నాన్నా చూడ్డానికి?’ అని విసుక్కున్నాడు మావాడు. అసలు కారణం వేరు. పదిహేనేళ్ల మా మనవడికి ఎలక్ట్రిక్ గిటారు సొంతంగా తయారుచేయాలని పట్టుకుంది. గదినిండా కొలతల కాగితాలే. ‘ముందు పరీక్షలు, తర్వాతే చెక్కపని’ అంటాడు వాళ్ల నాన్న. ఆ మాట విన్నప్పుడు నాకు గుండెలో కలుక్కుమంది. పాతికేళ్ల కిందట ఇంటర్లో ఉన్న మావాడు గిటారు కొనిపెట్టమంటే, నేనన్నదీ ఇంచుమించు అదే మరి!

‘తాతయ్యా, నువ్వు నాతో రా. ఒక ఊరు చూపిస్తా’ అన్నాడు మనవడు. ఇద్దరం బస్సెక్కాం.

ఎర్ర ఇటుకల ఇళ్ల మధ్య...

ఫెల్తమ్‌లో గొప్పగా చెప్పుకునే కోటలేవీ లేవు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఎర్ర ఇటుకల ఇళ్లు, వాటి ముందు జానెడు తోటలు, ఊరి మధ్య ఒక చెరువు. విమానం వచ్చిందంటే మాట సగంలో ఆపాల్సిందే. ‘ఇలాంటి ఇంట్లోనే తాతయ్యా, రెడ్ స్పెషల్ పుట్టింది’ అన్నాడు మావాడి సుపుత్రుడు. ఆ కథ అంతా నడుస్తూనే చెప్పాడు.

క్రికెట్ మైదానాల్లో కాళ్లతో, చేతులతో దరువేస్తూ జనం పాడే ‘వి విల్ రాక్ యూ’ మీరూ వినే ఉంటారు. దాన్ని రాసింది క్వీన్ బృందంలోని బ్రయాన్ మే. 1963లో అతనికి పదహారేళ్లు. అమెరికా గిటార్లు కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసిన ప్రభుత్వోద్యోగి. ‘కొనలేకపోతే ఏం, చేసుకుందాం’ అనుకున్నారు తండ్రీకొడుకులు. ఆ ఏడాది ఆగస్టులో మొదలుపెట్టారు. ఇంట్లో ఒక గదే వర్క్‌షాపు.

చెక్క ఎక్కడిది? ఇంగ్లండు పాత ఇళ్లలో చలి కాచుకునే పొయ్యి గోడలోనే ఉంటుంది. దాని చుట్టూ చెక్కతో గూడులా కడతారు. తెలిసినవాళ్లు అలాంటి నూరేళ్లనాటి మహాగని చెక్కను పారేయబోతుంటే తెచ్చి, చేత్తోనే చెక్కి గిటారు మెడ చేశారు. పురుగు తొలిచిన కన్నాల్లో అగ్గిపుల్లలు దిగ్గొట్టి పూడ్చారు. ఒళ్లు చేయడానికి పాత ఓక్ బల్ల ముక్కలూ, బ్లాక్‌బోర్డూ పనికొచ్చాయి. మెట్ల గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు. తీగలను వదులుచేసి బిగించే మీటకు 1928 నాటి మోటారు సైకిల్ స్ప్రింగులు రెండు, కత్తి అంచులాంటి ఉక్కు ముక్క. చేత్తో పట్టుకునే కడ్డీ సైకిల్ సంచీ తగిలించేది. దాని కొసన తొడిగింది స్వెటర్లల్లే సూది ముక్క! అన్నీ కలిపి అయిన ఖర్చు సుమారు ఎనిమిది పౌన్లు. పట్టిన కాలం దాదాపు రెండేళ్లు.

వీణకూ ఇరవై నాలుగే!

‘దీనికి 24 మెట్లు తాతయ్యా’ అన్నాడు. నేను ఆగిపోయాను. మన సరస్వతీ వీణకూ 24 మెట్లే కదా! అయితే ఒక తేడా ఉంది. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. మేళం కట్టే ఆయన చెవితో విని, అటూ ఇటూ జరిపి సరిచేస్తాడు. గిటారుకు ఆ సౌకర్యం లేదు. చెక్కలో గాడి కోసి మెట్టు దిగ్గొట్టాక జరపడం కుదరదు. కాబట్టి ముందే లెక్క కట్టాలి.

ఆ లెక్క మనవడి కాగితాల్లోనూ ఉంది. మోగే తీగ పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు చోటు తెలుస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. రెడ్ స్పెషల్‌లో తీగ పొడవు 24 అంగుళాలు. మొదటి మెట్టు 1.35 అంగుళాల దగ్గర పడుతుంది. అలా పోగా పోగా పన్నెండో మెట్టుకు తీగ సరిగ్గా సగమవుతుంది, స్వరం పై స్థాయికి చేరుతుంది. ‘పరీక్షలకు చదివే లెక్కలకూ దీనికీ తేడా ఏముంది?’ అన్నాడు వాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇక కరెంటు సంగతి. అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టి, ఉక్కు తీగల కింద పెడతారు. పైన తీగ కంపిస్తే కింద రాగి చుట్టలో చిన్నపాటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని యాంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. బ్రయాన్ మొదట వీటినీ సొంతంగానే చుట్టాడు. కానీ తీగను పక్కకు లాగినప్పుడు ఏదో వింత చప్పుడు వచ్చేది. చివరికి బర్న్స్ కంపెనీవి మూడు కొని బిగించాడు. ‘అన్నీ మనమే చేయక్కర్లేదు, ఏది కొనుక్కోవాలో తెలిస్తే చాలు’ అని మనవడు ముక్తాయించాడు.

2002లో బ్రిటన్ రాణి స్వర్ణోత్సవాలప్పుడు బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి బ్రయాన్ వాయించింది ఈ పొయ్యిగూటి గిటారే. వారం కిందట ఆ ప్యాలెస్ ముందు ఫొటోలు దిగాం. ఈ కథ అప్పుడు తెలిస్తే కప్పు వైపు ఇంకాస్త చూసేవాణ్ని!

గ్లాడ్‌స్టోన్ అవెన్యూలో ఒక ఇంటి గోడకు గుండ్రటి నీలం ఫలకం ఉంది. 2016లో పెట్టారు. అది ఫ్రెడ్డీ మెర్క్యురీ ఇల్లు. జాంజిబార్‌లో పుట్టి, మన పాంచ్‌గనిలో చదువుకున్న పార్శీ కుర్రాడు. 1964లో ఆ కుటుంబం ఫెల్తమ్ వచ్చింది. ఒక ఇంట్లో గిటారు తయారవుతోంది, నడిచి వెళ్లేంత దూరంలో దానికి తోడయ్యే గొంతు ఉంది. అప్పటికి ఒకరికొకరు తెలియదు!

కథలో నాకు గుచ్చుకున్న ముక్క వేరే ఉంది. బ్రయాన్ ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ, దాన్ని మధ్యలో వదిలేసి పాటల్లోకి వెళ్లిపోయాడు. గిటారు చేసిపెట్టిన తండ్రే దాన్ని తట్టుకోలేకపోయాడు. చాలాకాలం ఇద్దరికీ సరిగా మాటల్లేవట. కొన్నేళ్లకు న్యూయార్క్‌లో కొడుకు కచేరీ చూశాక గానీ ఆయన మనసు కరగలేదు. హెరాల్డ్ 1988లో కన్నుమూశారు. వదిలేసిన డాక్టరేటును బ్రయాన్ 2007లో పూర్తిచేశాడు. అది చూడ్డానికి తండ్రి లేడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా మావాడికి చెప్పాను. ‘అప్పుడు నీకు కొనిపెట్టి ఉండాల్సిందిరా’ అని కూడా అన్నాను. పాతికేళ్లు పట్టింది ఆ మాట అనడానికి. వాడేమీ అనలేదు. పెరుగన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. కోడలు మంచినీళ్లు తెచ్చే నెపంతో లేచి వెళ్లింది.

చెయ్యి కడుక్కుని వచ్చాక అడిగాడు. ‘నాన్నా, ఊళ్లో మన పాత ఇల్లు విప్పినప్పుడు టేకు ద్వారబంధం దాచావు కదా.. ఇంకా ఉందా?’

‘ఉందిరా, అటక మీద’ అన్నాను.

‘వచ్చేసారి ఆవకాయ కాస్త తగ్గించి, ఒక ముక్క పట్టుకురా’ అన్నాడు మావాడు, మనవడి కొలతల కాగితం ముందుకు లాక్కుంటూ.