జోలపాట కూడా శ్రామికగేయమే

జానపద సాహిత్యం చదువుకునేటప్పుడు పాటల్ని వర్గీకరించడం నేర్చుకుంటాం. దంపుళ్ళ పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు శ్రామికగేయాలు. జోలపాటలు మాత్రం స్త్రీల పాటల్లోకో పిల్లల పాటల్లోకో వెళ్ళిపోతాయి. వాటి పక్కన "మాతృవాత్సల్యం" అని రాస్తే మార్కులు పడతాయి. వడ్లు దంచడం పని అయినప్పుడు, అర్ధరాత్రి ఏడుస్తున్న పసిపిల్లని భుజాన వేసుకుని ఆ గోడ నుంచి ఈ గోడకి నడవడం పని ఎందుకు కాలేదు? సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఈ ప్రశ్న పాప పుట్టాకే తట్టింది. మన ఇళ్ళలో ఎక్కువగా వినిపించే జోలపాట అన్నమయ్యది. పాట కట్టింది పురుషుడే. రాత్రిళ్ళు మేలుకుని పాడే వంతు మాత్రం ఆడవాళ్ళకి వచ్చింది.

అప్పుడే పుట్టిన బిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. అయితే ఆ నిద్ర రెండు మూడు గంటల ముక్కలుగా వుంటుంది. పొట్ట చిన్నది, పాలు త్వరగా అరిగిపోతాయి. రాత్రికీ పగటికీ తేడా తెలిపే లోపలి గడియారం కుదురుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. "పిల్ల రాత్రిని పగలు చేసుకుంది" అని మన పెద్దవాళ్ళు అనేది దీన్నే. ఇందులో బిడ్డ మొండితనం లేదు, తల్లి చేతకానితనం లేదు, దిష్టీ లేదు. బిడ్డ నిద్ర ముక్కలుగా వుండడం ప్రకృతి. ఆ ముక్కలన్నీ తల్లి నిద్రలోంచే కోయాలన్నది మాత్రం మనుషులు చేసిన ఏర్పాటు.

మొదటి పురుడు పుట్టింట్లో పోసుకోవడం మన ఆచారం. దానివల్ల బాలింతకి కాస్త విశ్రాంతి దొరికే మాట నిజమే. అమ్మ పాపకి నూనె రాసి, నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడితే నేను మధ్యాహ్నం ఒళ్ళు మరిచి నిద్రపోయేదాన్ని. కానీ తల్లీబిడ్డా తిరిగొచ్చేసరికి తండ్రికి ఒక్క రాత్రి జాగారం కూడా అనుభవంలో వుండదు. ఏది ఆకలి ఏడుపో, ఏది నిద్ర రాని ఏడుపో తెలియదు. తెలియదు కాబట్టి చెయ్యడు, చెయ్యడు కాబట్టి ఎప్పటికీ తెలియదు.

మూడో నెలలో నేను హైదరాబాదు వచ్చిన రోజు మా అత్తయ్య హాల్లో పక్క వేశారు. "వాడికి పొద్దున్నే ఆఫీసుంది, ఇక్కడ పడుకుంటాడులే. నువ్వూ పాపా గదిలో పడుకోండమ్మా" అన్నారు. ఆమెకి దురుద్దేశం ఏమీ లేదు. ఆమె బాలింతగా వున్నప్పుడూ అలాగే జరిగింది. పరిశోధన పనిలో నాకూ గడువులున్నాయి. అవి లేకపోయినా, రోజంతా బిడ్డని చూసుకునే మనిషికి నిద్ర అక్కర్లేదా?

నిద్రలేని రాత్రులు వరసగా గడిస్తే చదివిన వాక్యం కింది వాక్యానికి వచ్చేసరికి గుర్తుండదు. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి మాడువాసన వస్తేగాని తెలియదు. హాల్లోంచి వినపడే గురక మీద ద్వేషం పుడుతుంది. నేనూ నా సహచరుడూ ఆ రోజుల్లో కరెంటు బిల్లు గురించి, ఆరేయని బట్టల గురించి పోట్లాడుకున్నాం. నిజానికి అవన్నీ నిద్ర గురించిన పోట్లాటలే.

ఇది మా యింటి సంగతి మాత్రమే కాదు. జర్మనీలో వేలమంది తల్లిదండ్రుల్ని ఏళ్ళతరబడి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2019లో వచ్చింది. కాన్పయిన మొదటి మూడు నెలల్లో తల్లుల నిద్ర గర్భానికి ముందుకంటే రోజుకి సుమారు గంట తగ్గితే, తండ్రులది పావుగంట తగ్గింది. మన దేశంలో 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవాళ్ళ సంరక్షణ చూసే స్త్రీలు అందుకు రోజుకి 140 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2002లో మెల్‌బోర్న్ పరిశోధకులు నిద్ర సరిగా పోని పసిపిల్లలున్న 156 మంది తల్లులతో అధ్యయనం చేశారు. పిల్లల్ని మెల్లగా నిద్రకి అలవాటు చేసే పద్ధతులు నేర్పితే పిల్లల నిద్ర మెరుగైంది, దిగులు ఎక్కువగా వున్న తల్లులకి ఆ దిగులూ తగ్గింది. బాలింత కన్నీళ్ళన్నీ నిద్రతోనే తీరేవి కావు, కొన్నిటికి వైద్యం కావాలి. కానీ ఆ కన్నీళ్ళని ఆమె స్వభావానికి అంటగట్టేముందు, ఆమె చివరిసారి నాలుగు గంటలు ఏకబిగిన ఎప్పుడు నిద్రపోయిందో అడగాలి.

మేం రాత్రిని రెండుగా పంచుకున్నాం. పదిన్నర నుంచి మూడింటిదాకా అతను, మూడు నుంచి ఏడింటిదాకా నేను. పిండి ఫ్రిజ్‌లో పెట్టిన పాలని అతను వేడినీళ్ళ గిన్నెలో వుంచి పట్టేవాడు. మొదటి వారం పాప అతని చేతుల్లో గుక్కపట్టి ఏడ్చింది. అత్తయ్య తలుపు దగ్గరికొస్తే "నువ్వెళ్ళి పడుకో అమ్మా, నేను చూసుకుంటా" అన్నాడు. జోలపాటలు రావు కాబట్టి సినిమా పాటల్ని సాగదీసి పాడేవాడు. పాప అభ్యంతరం చెప్పలేదు. రోజూ ఒకే వేళకి స్నానం, పాలు, దీపం తగ్గించడం అలవాటు చేశాం. ఆరో నెల దాటేసరికి తను అయిదారు గంటలు వరసగా నిద్రపోసాగింది. అంతకు చాలా ముందే మా పోట్లాటలు తగ్గాయి. నేను మళ్ళీ ఒక వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదవగలిగాను. అతనితో మాట్లాడాలనిపించింది. పాప ఏడుపుల్లో తేడాలు అతనిప్పుడు నాకంటే బాగా గుర్తుపడతాడు.

అయితే మాకు ఫ్రిజ్ వుంది, రెండు గదులున్నాయి. మా యింట్లో పనిచేసే ఆమె బిడ్డకీ మా పాప వయసే. ఒక్క గదిలో అయిదుగురు. బిడ్డ ఏడిస్తే, తెల్లారి తాపీ పనికి వెళ్ళాల్సిన భర్త నిద్ర పాడవుతుందని ఆమె బిడ్డనెత్తుకుని బయట మెట్లమీద కూర్చుంటుంది. తను కూడా ఏడింటికి గిన్నెలు తోమాలని ఎవరికీ గుర్తుండదు. 2017 చట్టసవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకి పెరిగింది. ఆమెకి ఆ సెలవు ఇవ్వాల్సినవాళ్ళం ఆమె పనిచేసే నాలుగిళ్ళ వాళ్ళం. కేంద్రప్రభుత్వ ఉద్యోగి తండ్రయితే దొరికే సెలవు 15 రోజులు. బిడ్డ నిద్ర కుదురుకోవడానికి మాత్రం నెలలు కావాలి.

పాపాయి హాయిగా నిద్రపోతే కాపురం హాయిగా వుంటుందని సలహాలిచ్చేవాళ్ళు చాలామంది వున్నారు. ఆ హాయి కోసం రాత్రిళ్ళు మేలుకుంటున్నది ఎవరన్నది కూడా ఆ సలహాలో వుండాలి. జోలపాటని శ్రామికగేయాల్లో చేర్చి పాఠం చెప్పడం అందుకు మనలాంటివాళ్ళం చెయ్యగల చిన్న పని.