ట్రెవీ వెనకాల కాలువ

యూరప్ గ్రూపు టూర్లంటే మొహం చిట్లించే వాళ్ళలో నేను లేను. వేళకి బస్సు, రాత్రికి పప్పూ అన్నం, తప్పిపోతే వెతికి పట్టుకోవడానికి ఒక టూర్ మేనేజరు. అరవై దాటినవాళ్ళకి ఇవి చిన్న విషయాలు కావు. మా బస్సులో మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్ళున్నారు, మొదటిసారి విమానమెక్కిన రైతు దంపతులున్నారు. వాళ్ళు ఆల్ప్స్ మంచుని చేత్తో ముట్టుకోగలిగారంటే ఆ ఏర్పాటు పుణ్యమే. నా బాధల్లా ఒక్కటే. ఆ పద్ధతిలో ఊరు మనకి తునకలుగా అందుతుంది. దిగు, చూడు, ఫొటో తీసుకో, ఎక్కు. ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్యనున్నదంతా బస్సు అద్దంలోంచి జారిపోతుంది. ఊరు ఉండేది ఆ మధ్యలోనే.

అందుకని రోములో ముగిసే టూరు ఎంచుకుని, నేనూ మా ఆవిడా అక్కడే మరికొన్నాళ్ళు ఉండిపోయాం. టూర్ల వాళ్ళు దీన్ని డీవియేషన్ అంటారు. ఆ సంగతి డబ్బు కట్టేటప్పుడే చెప్పేయాలి, గ్రూపు టికెట్టు తేదీని ఆఖరి నిమిషంలో మార్చడం కష్టం. షెంగెన్ వీసాకి పెట్టుకునేటప్పుడే చివరి రోజుదాకా హోటల్ బుకింగూ ట్రావెల్ ఇన్సూరెన్సూ చూపించాలి. వీసా మీద ఎన్ని రోజులని రాసిస్తే అన్ని రోజులే. ఇది ముందే చేసుకుంటే మిగతాదంతా కాళ్ళ సత్తువ.

నా ఉద్యోగమంతా గోదావరి డెల్టా కాలువల మీద గడిచింది. ఎక్కడ నీళ్ళు కనబడినా ఎక్కణ్ణించి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని అడగకుండా ఉండలేను. టూరులో ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఆ ప్రశ్న పుట్టింది, జవాబు వెతికే తీరిక లేకపోయింది. మా వాళ్ళంతా ఎయిర్‌పోర్టు బస్సెక్కి వెళ్ళిపోయాక, మర్నాడు తెల్లవారుతూనే మళ్ళీ అక్కడికే వెళ్ళాం.

ట్రెవీలో నాణెం వేసేవాళ్ళు ఫౌంటెన్‌కి వీపు పెట్టి నిలబడతారు, ఆచారం అలాంటిది. దానివల్ల గోడ మీద పైనున్న రెండు చెక్కడాలు చాలామంది కంట పడవు. ఎడమవైపు దాంట్లో అగ్రిప్ప, అంటే అగస్టస్ చక్రవర్తి సేనాపతీ అల్లుడూ, కాలువ నమూనా చూసి సరేనంటున్నాడు. కుడివైపు ఒక పిల్ల సైనికులకి ఊట ఉన్న చోటు చూపిస్తోంది. దప్పికతో ఉన్న సైనికులకి ఆ పిల్ల చూపించిన ఊట నీళ్ళే ఈ కాలువకి తెచ్చారని కథ. రోము నీటి సరఫరాకి అధికారిగా పనిచేసిన ఫ్రాంటినస్ మొదటి శతాబ్దం చివర్లో రాసిన పుస్తకంలోనే ఆ కథ ఉంది. కాలువ పేరు ఆక్వా విర్గో. క్రీ.పూ. 19లో నీళ్ళు వదిలారు. పొడవు సుమారు 20 కిలోమీటర్లు, దాదాపు అంతా భూమిలోపలే. ఊట దగ్గరికీ ఊళ్ళో చివరికీ మట్టంలో తేడా 4 మీటర్లకి అటూ ఇటూ. అంటే కిలోమీటరుకి జానెడు వాలు. లెవెల్ పరికరం పెట్టి కాలువ గట్ల మీద ఎండలో నిలబడినవాడికి ఆ జానెడు ఎంత పనో తెలుస్తుంది. వాలు కాస్త తగ్గితే పూడిక పడుతుంది, కాస్త ఎక్కువైతే నీరు అడుగుని కోసేస్తుంది. అప్పట్లో పంపు లేదు, మోటారు లేదు. రెండువేల ఏళ్ళ నాటి ఆ కాలువ నీళ్ళే ట్రెవీకి ఇవాళ్టికీ వస్తున్నాయి. నేను చాలాసేపు నిలబడిపోయాను. పద పదమని పక్కన ఏ టూర్ మేనేజరూ జెండా ఊపలేదు.

అక్కణ్ణించి నాలుగడుగులు వేస్తే వియా దెల్ నజారెనో అని ఒక వీధి. టూరు బస్సు అందులోకి రానే రాదు. వీధి పక్కన కమ్మీల వెనక, రోడ్డు మట్టానికి బాగా కిందుగా, ఆ కాలువ తాలూకు రాతి కమానులు కనిపిస్తాయి. బరువైన పెద్ద రాళ్ళు, మధ్యలో పిచ్చిమొక్కలు. పైన లాటిన్ శాసనం. గైయస్ సీజర్, అంటే కలిగులా, పాడుచేసిన ఈ కమానుల్ని క్లాడియస్ చక్రవర్తి పునాదులనుంచీ మళ్ళీ కట్టించాడని అందులో ఉంది. సంవత్సరం క్రీ.శ. 46. ముందువాడు చేసిన నష్టాన్ని పేరుపెట్టి రాతిమీద చెక్కించిన మరమ్మతు బిల్లు అది. మా శాఖలో ఎన్నో మరమ్మతులు చూశాను. ఇంత సూటిగా రాసిన కాగితం మాత్రం చూడలేదు.

ఈ కాలువ మీద ఇంకో కథ ఉంది. క్రీ.శ. 537లో గోత్ జాతివాళ్ళు రోముని ముట్టడించి, ఊళ్ళోకి వచ్చే కాలువలన్నీ తెగ్గొట్టారు. తర్వాత వాళ్ళలో కొందరు దివిటీలు పట్టుకుని, నీళ్ళు లేని ఈ సొరంగంలోంచి ఊళ్ళోకి దారి వెతికారు. పైన కాపలా ఉన్న ఒకతనికి ఒక కన్నంలోంచి వెలుగు కనిపించింది. తోడేలు కళ్ళు మెరిసి ఉంటాయిలే అని తోటివాళ్ళు కొట్టిపారేశారు. రోముని కాపాడుతున్న సేనాపతి బెలిసారియస్ మాత్రం మనుషుల్ని లోపలికి పంపి వెతికించాడు. దివిటీల ఆనవాళ్ళు దొరికాయి, అక్కడ కాపలా పెట్టాడు. ఆ కాలంలోనే ఉన్న ప్రొకోపియస్ రాసిపెట్టాడిది. భూమిలోపల దాగి ఉండబట్టే ఈ కాలువ మిగతావాటికన్నా బాగా బతికింది. 1453లో పోప్ ఐదో నికొలస్ దాన్ని బాగుచేయించాడు.

స్పానిష్ మెట్ల దగ్గర పడవ ఆకారంలో ఒక ఫౌంటెన్ ఉంది. దాన్ని చెక్కిన పియెత్రో బెర్నీనీ, తనకన్నా పేరుపొందిన బెర్నీనీకి తండ్రి. మునిగిపోతున్న పడవలా అది నేలమట్టానికి కిందుగా ఎందుకుందో టూరులో మాకెవరూ చెప్పలేదు. కారణం నీరే. ఆ చోట ఈ కాలువకి హెడ్, అంటే నీటిని పైకి నెట్టే ఒత్తిడి, చాలదు, నీళ్ళు పైకి చిమ్మలేవు. చిమ్మని నీళ్ళకి తగ్గట్టు శిల్పి ఫౌంటెన్‌నే కిందికి దించాడు. ఇబ్బందిని అందంగా మార్చిన ఆ ఆలోచన ముందు నాకు రాతి పనితనం రెండోదే అనిపించింది.

పాంథియన్ తలమీద పెద్ద అక్షరాల్లో అగ్రిప్ప పేరుంటుంది. ఇప్పుడున్న కట్టడం హాడ్రియన్ కాలంది, పేరు మాత్రం పాతదే ఉంచారు. టూరులో మేం ట్రెవీనీ పాంథియన్‌నీ ఒకే మధ్యాహ్నం చూశాం. రెండిటికీ సంబంధం ఉందని మాకు తట్టలేదు. నడిస్తే పది నిమిషాల దూరం. అగ్రిప్ప పాంథియన్ వెనకాల స్నానశాలలు కట్టించాడు, వాటికోసమే ఈ కాలువ తెచ్చాడు. ఆ పది నిమిషాలు నడిచినప్పుడే ఈ రెండు చోట్లూ నాకు ఒకే పనిలో భాగాలుగా కలిశాయి.

పియాజ్జా నవోనాలో నాలుగు నదుల ఫౌంటెన్ ఉంది. కొడుకు బెర్నీనీ 1651లో పూర్తిచేశాడు. డాన్యూబ్, నైలు, రియో దె లా ప్లాటా, నాలుగోది మన గంగ. చేతిలో పొడుగాటి తెడ్డు పట్టుకున్న గడ్డం మనిషి.

“గంగమ్మ మగవాడేమిటండీ?” అంది మా ఆవిడ. వాళ్ళకి నదులంటే గడ్డాల దేవుళ్ళని, వాళ్ళ టైబరూ అంతేనని చెప్పాను.

“అయితేనేం, గంగ గంగే” అని చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. ఇద్దరు పిల్లలు ఆవిణ్ణి చూసి వాళ్ళూ చేతులు జోడించారు. ఆ ఫౌంటెన్‌కి నీళ్ళిచ్చేదీ మా కాలువే. ఎప్పటినుంచో అది నాకు “మా కాలువ” అయిపోయింది.

తాగడానికి మాత్రం ఈ నీళ్ళు వాడరు. తాగేవి వీధుల్లోని నాసోనేలవి. నడుమెత్తు పోత ఇనుప స్తంభం, వంగిన గొట్టం, రాత్రీ పగలూ పారే చల్లటి నీళ్ళు. 1870ల్లో మొదలుపెట్టారు, ఇప్పుడు ఊళ్ళో సుమారు 2,500 ఉన్నాయి. గొట్టం వంపు పైభాగాన ఒక చిన్న రంధ్రం ఉంటుంది. గొట్టం మూతిని వేలితో మూస్తే ఆ రంధ్రంలోంచి నీళ్ళు పైకి ధారగా లేస్తాయి. వంగి, నోరు ఆనించకుండా తాగొచ్చు. ఒక ముసలాయన తన కుక్కకి కింద పట్టి, తను పైన తాగి, మాకు చేసి చూపించి పోయాడు. ఏడాది పొడుగునా ఎవరూ కాపలా లేకుండా నడిచే చలివేంద్రం అది. నీళ్ళ సీసా కొనుక్కోనక్కర్లేదు.

తిండికీ ఇబ్బంది లేదు. కోసి అమ్మే పిజ్జా దుకాణంలో ఎంత కావాలో కత్తి ఆనించి అడుగుతారు, వేళ్ళతో చూపిస్తే చాలు, తూకం వేసిస్తారు. మన గుమ్మడిపూలలాంటి పూలని వేయించి పెడతారు. లోపల జున్నుతోబాటు ఉప్పులో ఊరబెట్టిన చేప ఉంటుంది, శాకాహారులు అడిగి మరీ తినాలి.

ఒకరోజు మెట్రో ఎ లైన్లో జూలియో అగ్రికోలా స్టేషన్లో దిగి అక్వెడక్టుల, అంటే పాత నీటి కాలువల, పార్కుకి వెళ్ళాం. గడ్డిలో మనిషిని చీమని చేసే ఎత్తున ఆక్వా క్లాడియా అనే ఇంకో కాలువ కమానులు వరసగా నిలబడి ఉంటాయి. క్రీ.శ. 38లో వాటి పని మొదలుపెట్టించింది ఆ కలిగులాయే, 52లో పూర్తిచేసింది ఆ క్లాడియసే. పక్కనే పోప్ ఐదో సిక్స్టస్ 1580ల్లో తెచ్చిన ఆక్వా ఫెలీచే కాలువ. పిల్లలు బంతాట ఆడుతున్నారు. టూరు బస్సు ఒక్కటీ లేదు.

ఆ పిల్ల చూపించిన ఊట ఊరికి తూర్పున సలోనే దగ్గర ఉంది. అక్కడిదాకా వెళ్ళలేకపోయాం. ఈసారి వెళ్ళినప్పుడు అక్కణ్ణించే మొదలుపెట్టి, కాలువతోపాటు ఊళ్ళోకి రావాలని మా ఆవిడ ఇప్పటినుంచే డబ్బు వేరే తీసి పెడుతోంది.