చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాకా

ఆధునిక విద్యుత్ గ్రిడ్ మీద రాయమని సంపాదకులు అడిగారు. లైన్‌మన్‌గా పనిచేసే మా బావతో ఆ మాటంటే, "ముందు కాలిపోయినవి యాడికి చేరతాయో చూడు" అని రాయలసీమలో ఒక పట్టణం శివార్లలోని ట్రాన్స్‌ఫార్మర్ల మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్లాడు.

షెడ్డంతా తిప్పి చూపిస్తామన్నారు. నేను మాత్రం కాయిల్ చుట్టే పెద్దాయన దగ్గరే ఆగిపోయాను. ఎడమ చేతి వేళ్ల మధ్య ఎనామిల్ పూసిన సన్న తీగ జారుతోంది, కుడి చెయ్యి యంత్రం పిడి తిప్పుతోంది. చుట్టు పక్కన చుట్టు, సందు లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పడుతున్నాయి. వరస నిండగానే కాగితం పొర, దాని మీద మళ్లీ వరస. ఇలా వేల చుట్లు. ఎక్కడైనా పూత గీసుకుపోతే మగ్గం మీద పోగు తెగిన నేతగాడిలా ఆయనకు ముందు వేలికే తెలుస్తుంది. ఆపి, ఆ చోట కాగితం చుట్టి, మళ్లీ కదులుతాడు.

"ఆ ఒక్కటీ వదిలేస్తే?" అని అడిగాను.

"చార్జ్ చేసినప్పుడు బాగానే ఉంటాది సార్. లోడు పడినాక ఆడే షార్టయితాది. లెవెన్ కేవీ ఊరికే ఉంటాదా?"

విప్పిన కాయిళ్లను చూసి ఏం జరిగిందో చెప్పేస్తాడు. మూడు ఫేజులూ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు లాగే కరెంటు మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. ఆ దెబ్బను చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు.

బయట, కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను తెచ్చిన ట్రాక్టర్ ట్రాలీ పక్కన రైతులు గొంతు పెంచారు. "చీనీ చెట్లు సార్, పిందె మీదుండాయి. ఇంకో రెండు దినాలు నీళ్లు లేకపోతే అంతా రాలిపోతాది. ట్రాక్టర్ బాడుగ మేమే ఇచ్చినాం, ఎత్తేకి కూలీ మేమే ఇచ్చినాం. కొత్త మీటర్లు వస్తాండాయంట. మా ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎండాకాలం వస్తే కాలిపోతానే ఉండాది!"

ప్రభుత్వం చేసింది తక్కువేమీ కాదు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్ల మంది చీకట్లో పడ్డారు. ఏడాదిన్నర తిరగకుండానే, 2013 డిసెంబర్ 31న, రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసింది. అది గర్వపడాల్సిన పని. 2021లో కేంద్రం పంపిణీ రంగానికి 3,03,758 కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. అందులో కేంద్రం వాటా 97,631 కోట్లు. 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు లక్ష్యం. సైబర్ దాడుల నుంచి కాపాడుకోవడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ అదే ఏడాది మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవన్నీ కావాల్సినవే.

కానీ గ్రిడ్ భద్రత 765 కేవీ టవర్ దగ్గర ఆగిపోకూడదు. పొలం గట్టున ఎర్తింగ్ గుంత ఎండిపోతే, పది మోటార్లకు వేసిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇరవై నడుస్తుంటే, ఆ రైతుకు గ్రిడ్ కూలినట్టే. కాలినదాన్ని మళ్లీ చుట్టే పెద్దాయనకు కాయిల్ లెక్కన కూలి. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. "నేర్చుకునేకి ఎవరొస్తారు సార్, దీంట్లో ఏముందని?" అన్నాడు. ఆ చేతుల నేర్పు పోతే కోట్లు పెట్టినా వెంటనే దొరకదు.

ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు పెట్టడం కేంద్రం 2021 పథకంలోనే ఉంది. లోడు ఎక్కడ మించుతోందో అవి రోజూ చెబుతాయి. అది తెలిశాక పక్కన ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ నిలబెట్టాలి, ఎర్తింగ్ బాగు చెయ్యాలి, కాలినదాన్ని శాఖ బండే మోసుకుపోవాలి, కాయిల్ చుట్టేవాడికి నెల జీతమివ్వాలి. ఇవన్నీ జరిగిన రోజే మన గ్రిడ్‌ను ఆధునిక గ్రిడ్ అనడానికి నాకు నోరొస్తుంది.